కట్టేసిన స్టవ్వు ఫొటోలు

2018 ఏప్రిల్ 22, ఆదివారం. ఆ రోజు అప్పలసూరి ఇంట్లో నెత్తళ్ళ చేపలతో మామిడికాయ కూర, వేడన్నం. ఆయనకేమీ అమోఘమైన జ్ఞాపకశక్తి లేదు. రెండోసారి వడ్డించుకునే లోపే పెళ్ళికి టైమైపోతోందని భార్య గౌరీశ్వరి కంచం ముందు నుంచి లేపేసింది. ఆ కడుపుమంట వల్ల గుర్తు. గోపాలపట్నంలో బస్సెక్కి వేపగుంట దాకా వెళ్ళాక, "గ్యాసు కట్టీసానా?" అందావిడ. అంతే, పెళ్ళి పెందుర్తిలో, వీళ్ళు మళ్ళీ ఇంట్లో. గ్యాసు కట్టే ఉంది. చివరికి పెళ్ళికి చేరేసరికి అక్షింతలూ అయిపోయాయి, ఐస్‌క్రీమూ అయిపోయింది.

మర్నాటి నుంచి గౌరీశ్వరి ఒక పద్ధతి పెట్టింది. గడప దాటే ముందు స్టవ్వుకో ఫొటో, తాళానికో ఫొటో. దారిలో అనుమానం వస్తే ఫోన్ తీసి చూసుకునేది. కూరగాయలకెళ్ళినా అంతే, కాశీకెళ్ళినా అంతే. ఆవిడ కాశీయాత్ర ఫొటోల్లో మొట్టమొదటిది గోపాలపట్నం స్టవ్వు. స్టీలుప్లాంటులో అంతంత ఫర్నేసుల దగ్గర పనిచేసిన అప్పలసూరి, రెండు బర్నర్లకి ఇంత భయమా అని నవ్వేవాడు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడా ఫోన్ ఆయన దగ్గరే ఉంది, బయటికెళ్ళే ముందు స్టవ్వుకి ఫొటో ఆయనే తీస్తున్నాడు. నవ్వడానికి పక్కన ఎవరూ లేకపోవడం ఒక సౌకర్యం.

చివరికి ఫోన్ నిండిపోయింది. కొత్త ఫొటో తీయనివ్వదు, ఫోనొస్తే ఎత్తనివ్వదు. ద్వారకా నగర్‌లో ఉద్యోగం చేసే కూతురు జ్యోతిర్మయి ఓ ఆదివారం హార్డ్‌డిస్క్ పట్టుకొచ్చి, పాత ఫొటోలన్నీ అందులోకి ఎక్కించింది. ఎక్కడికీ పోవని, బీరువాలో అమ్మ పట్టుచీరల్లా భద్రంగా ఉంటాయని చెప్పింది. ఫోన్లో మాత్రం ఓ వంద ఏరి ఉంచుకోమంది. మిగతావి తీసేస్తుందట.

అప్పలసూరి ఫోన్ పుచ్చుకుని కూర్చున్నాడు. గౌరీశ్వరి కెమెరా ముందు నిలబడే మనిషి కాదు. ఆవిడ ఫొటోలంటే ఆవిడ తీసినవే, ఆవిడ తీసినవంటే స్టవ్వులే. వేల స్టవ్వుల్లోంచి వంద స్టవ్వుల్ని ఏ గుర్తుతో ఏరాలి? పట్టుచీరలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి, కానీ ఈ మూడేళ్ళలో తను ఒక్కసారీ తలుపు తీసి చూడలేదు. డిస్క్‌లోకి పోయినవాటి గతీ అంతే. చేతికందేవి ఆ వందే.

ఆయనలా తేల్చుకోలేక కూర్చుని ఉండగా ఫోన్ ఓ ప్రశ్న వేసింది. ముఖాలు పోల్చి ఎవరి ఫొటోలు వాళ్ళకి విడగొట్టడం దానికి సరదా. ఒక పక్క స్టవ్వు, దాని రెండు గుండ్రటి నాబ్‌లు. రెండో పక్క గౌరీశ్వరి అన్నయ్య వరహాలు, ఆయన గుండ్రటి కళ్ళజోడు. ఇద్దరూ ఒకరేనా అని అడుగుతోంది. తన కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయిన అప్పలసూరి, మర్యాదగా అడుగుతోంది కదా అని అవునన్నాడు. ఫోన్ కాస్సేపు ఆలోచించి, తనలోని స్టవ్వులన్నిటినీ వరహాలు పేరున రాసేసింది.

ఆ మధ్యాహ్నమే వరహాలు సంచీడు మామిడికాయలతో పెందుర్తి నుంచి దిగాడు. ఆయనకో పాత కినుక ఉంది. చెల్లెలి ఇంటి గోడ మీద సింహాద్రి అప్పన్న ఉన్నాడు, బావ రిటైర్మెంటు నాటి గ్రూపు ఫొటో ఉంది, తను మాత్రం లేడు. వచ్చినప్పుడల్లా గోడకేసి చూసి నిట్టూర్చడం ఆయన ఆచారం. ఈసారి నిట్టూర్చడానికి ముందే టేబుల్ మీద ఫోన్ కనబడింది. అందులో తన ముఖం, కింద తన పేరు, దాని కింద ఆరు వేల పైచిలుకు ఫొటోలు.

వరహాలు కుర్చీలో కూలబడి తువ్వాలు కళ్ళకద్దుకున్నాడు. చెల్లిని ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నానన్నాడు. వందే ఉంచి మిగతావి తీసేస్తారని విని, ఒక్క ఫొటో తీసేసినా ఊరుకోనని మేనకోడల్ని హెచ్చరించాడు. నిజం చెప్పేద్దామని అప్పలసూరి నోరు తెరిచాడు. కానీ ఏడుస్తున్న మనిషికి, అది నువ్వు కాదు స్టవ్వు అని ఎలా చెప్పాలో ఆయన డిగ్రీ చదువులో ఎక్కడా రాలేదు.

వరహాలు వేలితో తట్టి తెరిచాడు. స్టవ్వు. పక్కకి జరిపాడు. స్టవ్వు. ఇంకాస్త జోరుగా జరిపాడు. స్టవ్వు, స్టవ్వు, మధ్యలో ఏదో పెళ్ళిలో అప్పడం కొరుకుతూ తను, మళ్ళీ స్టవ్వు.

"ఏటి బావా ఇది?"

"ఫోన్ పొరపాటు పడింది బావా."

"నా మొకం ఇలగుంటాదేటి?"

జ్యోతిర్మయి ఫోన్లోకి తొంగి చూసింది, ఆయన ముఖంలోకి తొంగి చూసింది. "కళ్ళజోడు తీసేస్తే అంత పోలికుండదు మావయ్యా," అని వంటింట్లోకి పారిపోయింది.

వరహాలు కళ్ళజోడు తీశాడు. కోపంతో తీశాడో, నిజమేనేమో చూద్దామని తీశాడో తెలియలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, ఇక బయల్దేరతానని లేచాడు. అప్పలసూరి బతిమాలుతూనే ఉన్నాడు. లేచిన మనిషి లేచినట్టే ఆగి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, తెరమీది ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు.

"సూడు బావా. బర్నరు మీదున్నది సొట్టగిన్నె కాదేటి?"

అదే. పెద్ద సత్తుగిన్నె, ఒక పక్క సొట్ట. ముగ్గురున్న ఇంటికి అంత గిన్నె అక్కర్లేక ఎప్పుడూ అటక మీదే ఉండేది. వరహాలు తిండిపుష్టి గల మనిషి. ఆయన వస్తున్నాడంటేనే గౌరీశ్వరి స్టూలెక్కి దాన్ని దించేది. భోజనాలయ్యాక అన్నయ్యని బస్సెక్కించడానికి తనూ స్టాపు దాకా వెళ్ళేది. వెళ్ళే ముందు స్టవ్వుకో ఫొటో.

"ఇది నానొచ్చిన రోజు," అన్నాడు వరహాలు, మెల్లగా కూర్చుంటూ.

ఇక సాయంత్రం దాకా బావలిద్దరూ ఫోన్లో సొట్టగిన్నెని వెతికారు. అది కనబడ్డ చోటల్లా ఆ పూట ఏం తిన్నదీ వరహాలు చెప్పాడు. ఇది పనసపొట్టు కూర, ఇది కోనాం చేప పులుసు. మూత కాస్త పక్కకి జరిగి ఉంటే సాక్ష్యం కూడా దొరికేది. ఒక దగ్గర గోంగూరని ఆయన, తోటకూరని అప్పలసూరి పోట్లాడుకున్నారు కూడా. వెతకగా వెతకగా వందకి కాస్త పైనే తేలాయి. జ్యోతిర్మయి బేరమాడలేదు. ఆ గిన్నె ఫొటోలు ఫోన్లో ఉంచి, మిగతావి తీసేసింది. స్టవ్వుల మీద మావయ్య పేరు సరిచేయనా అని అడిగింది.

"ఉండనీయమ్మా," అన్నాడు వరహాలు. "తప్పేటుంది?"

అప్పలసూరి స్టూలెక్కి సొట్టగిన్నె దించాడు. బజారుకెళ్ళి నెత్తళ్ళు తెచ్చాడు. మామిడికాయలు ఎలాగూ ఉన్నాయి. ఈసారి రెండో వడ్డనకి ఎవరూ అడ్డం రాలేదు.

భోజనాలయ్యాక అప్పలసూరి గ్యాసు కట్టి, అలవాటుగా ఫోన్ ఎత్తి పట్టాడు. అది కిక్కురుమనకుండా ఫొటో తీసింది. తలుపు సంగతి చూద్దామని ముందుగదిలోకి వచ్చేసరికి, ఆ రాత్రికి ఉండిపోయిన వరహాలు అక్కడే ఉన్నాడు. సోఫాలో నిద్రపోతున్న మేనకోడలు లేవకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు. గడియ పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వెళ్ళి ఒకసారి లాగి చూశాడు.