పన్నెండు వలయాలు

జెట్టీలో ఆవిణ్ని అందరూ సొరమ్మ అంటారు. వెక్కిరింపుకి కాదు లెండి, ప్రేమగానే. ముప్ఫై ఏళ్లకు పైగా సొరచేపల వెంటపడి తిరిగిన శాస్త్రవేత్త మరి. పెళ్లీ గిళ్లీ అనుకోలేదు. "మా చెల్లి సొరలతో కాపురం పెట్టింది, మరిదిగారి నీచువాసనే ఇంట్లో భరించలేకపోతున్నాం" అని వాళ్లక్క వచ్చినవాళ్లందరి దగ్గరా మేలమాడుతుంది.

ఆ పేరు రావడానికి ఇంకో కారణం ఉంది. ఆమె వయసులో ఉన్నప్పుడు, బూడిద సొరల్ని పట్టనివ్వాలా, పూర్తిగా ఆపేయాలా అని పెద్ద రగడ జరిగింది. ఆపకపోతే జాతే పోతుందని పెద్ద శాస్త్రవేత్తలు కొందరు భయపడ్డారు. ఈవిడ లేచి బల్లగుద్ది చెప్పింది. "ఇది పన్నెండేళ్లకే తల్లవుతుంది. ఏడాదికి కొన్ని వేలు పట్టినా లోటు రాదు" అంది. మత్స్యశాఖ వాళ్లు ఆమె లెక్క మీదే పరిమితి పెట్టారు. పడవలవాళ్లు ఆమెని నెత్తిన పెట్టుకున్నారు.

ఇంతకీ సొర వయసు ఎలా తెలుస్తుందంటారా? వెన్నుపూసని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, చెట్టు మానులో లాగే వలయాలు కనబడతాయి. ఏడాదికొకటి. పిల్ల సొరల్ని తొట్టెల్లో పెంచి మరీ నిరూపించింది ఆ సంగతి. "పెద్దవాటిలోనూ అంతేనా? కొన్నేళ్లు ఆగి చూడమ్మా" అన్నారు వాళ్ల గురువుగారు. ఆగితేనా! పడుచుతనం, పైగా పేరొస్తున్న రోజులు. పెద్దవాటిలో అలా కాకపోతే ఇంకెలా ఉంటుందిలే అనుకుంది.

బూడిద సొర కనబడక నాలుగేళ్లవుతోంది. ఎక్కడికో తరలిపోయి ఉంటాయని ఆమె తనకు తనే సర్దిచెప్పుకునేది. రిటైర్మెంటు ఇంకో రెండు నెలలుందనగా, ఒక ఉదయం పాత సరంగు ఫోన్ చేశాడు. ఆమె మొదటిసారి సముద్రం మీదికి వెళ్లింది అతని పడవలోనే.

"సొరమ్మా, మీ చుట్టం వచ్చింది. గబగబా రండి. వేలంపాట ఆపించాను."

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరిగెత్తింది. తడినేల మీద నిలువెత్తు ఆడసొర. అతని వలలోనే చచ్చిపోయిందట. వీపు రెక్కకి పాకుడు పట్టిన నంబరు బిళ్ల ఒకటి ఉంది. గోటితో గీకింది. నూట పదిహేడు. ఎప్పుడో గుర్తు కోసం తన చేత్తో తనే బిగించి వదిలిన బిళ్ల! అంత వయసుమనిషీ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేసింది. సరంగు కూడా పకపకా నవ్వాడు.

పరిశోధనాలయానికి తెచ్చాక పాత నోటుపుస్తకం తీసి చూసింది. ఆ నంబరు పక్కన తన రాతే ఉంది: "బొడ్డు మచ్చ ఇంకా మానలేదు." అంటే పుట్టి కొన్ని వారాలే. అప్పటికీ ఇప్పటికీ ముప్ఫై ఒక్క ఏళ్లు. అనుమానానికి తావే లేదు. పొట్ట కోస్తే నాలుగు పిల్లలున్నాయి. తొలిచూలేనని గర్భసంచి చూడగానే తెలిసిపోయింది.

వెన్నుపూస కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పన్నెండు వలయాలు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే. ఇంకో పూస కోసింది. అందులోనూ పన్నెండే. ఒక వయసొచ్చాక వలయాలు పడటం ఆగిపోతుందన్నమాట. ముప్ఫై ఏళ్లకి గాని తల్లి కాని చేపని, ఆనాడు చూలు సొరల్లో పన్నెండు వలయాలే చూసి, పన్నెండేళ్లకే తల్లిని చేసేసింది తను. ఆ లెక్క చూసుకునే ఇన్నేళ్లూ పట్టారు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోయేసరికి అక్క కేకలేసింది. సంగతి విన్నాక గొంతు తగ్గించింది.

"రెండు నెలలు ఓపిక పట్టవే తల్లీ. శాలువా కప్పి పంపిస్తారు. ఇప్పుడెవరడిగారు నిన్ను?"

"కొంప ముంచానే అక్కా. ఎక్కడో ఇంకా నాలుగు మిగిలుంటే? ఇప్పుడైనా ఆపిస్తే వాటికి ఒక దారుంటుంది కదా."

మర్నాడు మత్స్యశాఖ డైరెక్టరు గారి గదికి వెళ్లింది. తిడతాడనుకుంది, పేరు పేపర్లకెక్కుతుందనుకుంది. అన్నిటికీ సిద్ధపడే వెళ్లింది. ఆయన టీ తెప్పించి, కాగితం మొత్తం చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"పూర్తిగా నిషేధం అంటారు. అలాగే మేడమ్. వారంలో ఉత్తర్వు వచ్చేస్తుంది."

"అంత తొందరగానా? పడవలవాళ్లు ఒప్పుకుంటారా?"

"ఎవరు అడ్డుపడతారండీ? పట్టడానికి ఉంటే కదా" అన్నాడాయన, మంచిగానే. ఆ మంచితనానికే ఆమెకి తల కొట్టేసినట్టయింది. పని ఎంత సులువుగా అయిపోయిందో చూడండి. ఆనాడు నెలల తరబడి కొట్టుకు చచ్చిన విషయం, ఇప్పుడు టీ చల్లారేలోపు తేలిపోయింది.

అక్కణ్నుంచి తిన్నగా జెట్టీకి వెళ్లింది. ఉత్తర్వు వచ్చేదాకా ఆగి, ఊళ్లోవాళ్ల నోట సరంగుకి తెలియడం ఆమెకి ఇష్టం లేదు. అతను వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. పక్కనే చతికిలబడి, ఏదీ దాచకుండా, పూసగుచ్చినట్టు చెప్పేసింది. తిడితే బాగుండునని మనసులో కోరుకుంది కూడా.

అతను వల కుడుతూనే అడిగాడు.

"నిన్న నా వలలో పడ్డది చూలుతో ఉందా?"

"ఆఁ. నాలుగు పిల్లలు."

"ఇప్పుడు ఆపితే మళ్లీ ఎప్పటికొస్తాయి?"

దేన్నడిగినా ఠక్కున అంకె చెప్పే మనిషి. ఇవాళ తల అడ్డంగా ఊపింది. "పిల్లల్ని పెట్టడానికి తల్లి ఉండాలి కదా బాబాయ్. ఉందో లేదో నాకు తెలీదు."

సరంగు వల ఒళ్లోంచి పక్కకి తోశాడు. అతని మొహంలో కోపం లేదు, బొత్తిగా అర్థంకాని దిగులు ఉంది.

"మీరు ఆనాడు వద్దని ఉంటే మానేసేవాళ్లం కదమ్మా. ఓ పదిరోజులు తిట్టుకునేవాళ్లం, తర్వాత మానేసేవాళ్లం. మీ మాట మేమెప్పుడు కాదన్నాం?"

నిజమే, ఎప్పుడూ కాదనలేదు. ఆమె అక్కడే మొహం కప్పుకుని బావురుమంది, అతను ఓదార్చలేదు.