భైరవసాగరముపై చండి

హేమంతాపరాహ్ణమున మెత్తబడిన యెండ భైరవసాగరజలములపై పసుపునీటివలె బరచుకొని యుండగా నుత్తరదిగంతములనుండి వలసవచ్చిన బాతులును నుదుట తెల్లనిబొట్టు దాల్చిన బొల్లికోళ్ళును సంచులవంటి గొంతులు గల గూడబాతులును దమతమ గుంపులు గట్టి యీదుచు మునుగుచు గలహించుచు నా మహాజలాశయమును బెండ్లివారి యిల్లుగా జేసియుండెను. ఆ కోలాహలమును జూచినవాడెవ్వడైనను దన పని మఱచి కొంతసేపు నిలువక మానడు. అయినను నల్లకోట సంస్థానము నేలుచున్న రాణి కొండమాంబ యా దినమున బడవలో గూర్చుండి యా పక్షులవంక ఱెప్పవాల్పక చూచుచుండుట వినోదమునకు గాదు.

ఆమె స్వహస్తమున మాంసఖండములు తినిపించి పిడికిటిపై నిలుపుకొని పెంచిన సాళువడేగ చండి యా యుదయమున దప్పిపోయెను. దానిని వేటకు విడిచినవాడు రాణి మఱది యగు ఓబళరాజు. డేగను విడుచునప్పుడు కాళ్ళయందలి పొట్టి తోలుపట్టెలనుండి పొడవైన త్రాటిని విప్పివేయవలెనన్నది వేటకాండ్ర యింట బసిబిడ్డ యెఱిగిన ధర్మమే గాని చక్రవాకములు లేచుట గన్న యుత్సాహమున నా యువకుడు త్రాటితోడనే దానిని గాలికెత్తెను. అట్టి త్రాడు తుమ్మకొమ్మకు జుట్టుకొన్నచో డేగ తలక్రిందుగా వ్రేలాడి ఱెక్కలు కొట్టుకొని కొట్టుకొని చచ్చును. ప్రొద్దుగ్రుంకులోపల గనుగొనకున్న నది దక్కదని రాణి యెఱుగును. అయినను కొండమాంబ దుఃఖమును బనికి అడ్డురానిచ్చునది కాదు.

"వదినగారూ! ఇంత నీటిలో నొక్క పక్షి నెట్లు వెదకగలము?" అని చేతులు కాలిన పిమ్మట నాకులు పట్టుకొన్నవానివలె మొగము వ్రేలవేసి ఓబళరాజు పలికెను.

"మనము వెదకనేల మఱదీ? నీటిపక్షులే చెప్పును. డేగ యున్నచోట వాని నోళ్ళు మూతపడును. నీవు మాటలు మాని చూడుము" అని రాణి బదులిడెను.

అంతలో నొక చేపలగ్రద్ద విశాలపక్షములు చాచి బాతులగుంపు మీదుగానే సాగిపోయెను. అది చేపను దప్ప మఱియొకదానిని ముట్టదని యెఱిగిన యా బాతులు తల యెత్తియైన జూడవయ్యెను. పిదప నొక గరుడపక్షి తిరుగగా ఓబళరాజు చేతులు మోడ్చెను గాని బొల్లికోళ్ళు తమ జగడమును మానలేదు. ఇట్లుండ దూర్పుదెస జమ్ముపొదలచెంత కలకల మొక్కసారిగా నడగి పక్షులన్నియు నొండొంటికి బెనగి యొక్క నల్లని ముద్దయై నిలిచెను. రాణి యానందముతో బడవ నటు నడిపించెను. తీరా చూడగా నది జమ్ముపై దక్కువయెత్తున దిరుగుచున్న యడవిగ్రద్ద. "పొరబడితిని. మరలుడు" అని యామె సిగ్గుపడక చెప్పెను గాని యప్పటికే ప్రొద్దు పడమటికొండల నంటుచుండెను.

ఆ సమయమున దటాకమధ్యమునందలి చిన్న తుమ్మదిబ్బనుండి కాకుల యఱపులు చెలరేగెను. వానికి దీతువులు తోడయ్యెను. ఎన్నడు నోరెత్తని తెల్లకొంగలు సైతము మెడలు సాచి గద్దించుచుండెను. అయిదాఱు తరములుగా నా కొలనుననే బ్రదికిన యింటివాడగు పడవవాడు బయన్న తెడ్డు నిలిపి "అమ్మగారూ! అది వట్టి కాకిగోల. చండి యున్నచో నవి యంత ధైర్యముగా నఱచునా? అటు పోయినచో నున్న కాస్త ప్రొద్దును పోవును" అనెను.

బయన్న మాట సబబైనదే. రాణియు నొక్కక్షణము తల యూపబోయెను. అంతలో నామె మొగము మాఱెను.

"బయన్నా! అటే త్రోయుము. చండి యచటనే యున్నది. దొరగారు బ్రదికియున్నన్నాళ్ళు మన గుమ్మమున దగ్గుటకైన వెఱచినవారు ఆయన పోయి నేను మూల గూర్చున్న నాడు వచ్చి యెంత నోరు చేసికొనిరో నీవు వినలేదా? డేగ యెగురలేనిదని రూఢిగా దెలిసిననే గాని కాకి యంత గట్టిగా నఱవదు."

బయన్న తెడ్డు వేసెను. రాణి చెప్పినట్లే దిబ్బకొసనున్న తుమ్మపై జండి త్రాటికి దలక్రిందుగా వ్రేలాడుచుండెను. కాకు లొకదానివెనుక నొకటి వచ్చి దాని తోక నీడ్చి పోవుచుండెను. ఆ యవమానము గన్నంత రాణికి గన్నులు నీటనిండెను. ఓబళరాజు నడుములోతు బురదలోనికి దుమికి ముండ్లు చీల్చుచున్నను లెక్కింపక చెట్టెక్కి డేగను బట్టగా నది వాని మణికట్టును గొఱికి రక్తము గార్చెను. అయినను వాడు విడువలేదు.

"గొఱకనిమ్ము నాయనా! నీకు రావలసినదే" అని రాణి యేడ్చుచునే నవ్వెను.

పిమ్మట నామె చండిని దన పిడికిటిపై నుంచుకొని త్రాటిని గోసివేసెను. ఒక తోకయీక విఱిగినదే గాని ఱెక్కలు చెడలేదు. మాంసపుముక్క తినిపించి యది తేఱుకొన్న తర్వాత కాళ్ళయందలి పొట్టిపట్టెలను సైతము గోయజొచ్చెను.

"అయ్యో వదినగారూ! ఇది మఱల రాకున్ననో?" అని ఓబళరాజు తొట్రుపడెను.

"ఆకలియైన దానికి నా చేయి గుర్తున్నది. రాకున్న నది దాని యిష్టము. నేను గట్టిన త్రాట దానికి జావు మాత్రము రాగూడదు."

చండి యొడలు దులుపుకొనెను. కాకులవంక నొకమాఱు చూచెను. పిదప ఱెక్కలు విప్పి నీటిపై నొరసికొని పోయి నిట్టనిలువుగా నాకసమున కెక్కెను. అఱచుచున్న కాకి యొకటి యఱపును నడుమనే మ్రింగెను. బాతులు నీటికంటుకొని మెడలు దాచెను. బొల్లికోళ్ళు ముద్దగట్టెను. తీరమునుండి తీరమువఱకు భైరవసాగరమంతయు నోరుమూసికొనెను.

ముక్కును గోళ్ళును వాడి తగ్గక యున్నను ఱెక్క చిక్కుపడినవానిని లోకము లెక్కచేయదు. ఆ చిక్కు వీడిననాడు లోకమునకు మర్యాద నెవ్వరు నేర్పబనిలేదు. రాణి యా నిశ్శబ్దమును జెవులార వినుచు దోలుతొడుగు గల తన పిడికిలిని మున్నున్నట్లే యెత్తి పట్టుకొనియుండెను. రాదేమో యను శంక యా పిడికిటిలో లేశమైనను లేదు.