లేమెల్ పోగు

మా అత్త పెసియా నన్ను మైనం కొనుక్కురమ్మని పంపగానే, ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. మా యూదుల యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ముందు ఏటా రెండు పెద్ద కొవ్వొత్తులు చేస్తాం, బతికున్నవాళ్లకొకటి, పోయినవాళ్లకొకటి. సమాధుల చుట్టూ తిప్పి తెచ్చిన నూలును తెంపి, ఒక్కో పేరూ చెప్పి ఏడుస్తూ ఒక్కో పోగు పెడుతుంది అత్త. ఆ పోగులే వత్తులవుతాయి. వీధంతా వినేలా ఏడ్చే మనిషికి ఈసారి నేను అడ్డమయ్యానా?

నా మొగుడు లేమెల్ దుంగల తెప్ప మీద నదిలో వెళ్లి మళ్లీ రాలేదు. పోయాడని సాక్షి చెబితే తప్ప నాకు మరో పెళ్లి లేదు. రేకులపని చేసే హెషెల్ నాకోసమే ఆగి ఉన్నాడు. అత్త మాత్రం ప్రతి ఏడూ కొడుకు పోగును బతికున్నవాళ్లలోనే పెట్టేది, నా మొహంలోకి చూస్తూ మరీ.

నేను మైనానికి వెళ్లలేదు. తలుపు వెనకే నక్కాను. ముసలమ్మ గొంతు తగ్గించి, "నా తండ్రీ, లేమెల్" అంటూ పోగును పోయినవాళ్ల కట్టలో పెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి దూసుకెళ్లాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "పస్కా పండగప్పట్నుంచి. మునిగిపోయాడని వాడితో తెప్ప నడిపినోడొచ్చి చెప్పాడు. వారం తిరక్కుండా ఆ చెప్పినోడూ జొరమొచ్చి పోయాడు."

"మరి తీర్పు చెప్పే రబ్బీకి చెప్పొచ్చుగా! నన్నిట్టా కట్టేసి ఏం బావుకున్నావత్తా?"

"చెప్పానే. కోడలి సంగతిలో అత్త మాట చెల్లదంట. పగబట్టి అబద్ధమాడుద్దని శాస్త్రంలోనే ఉందంట. ఇంక నీకు చెబితే ఏమొచ్చుద్ది, ఏడుపు తప్ప?"

"నన్ను ఇంట్లోంచి వదిలించుకోడానికి ఈ ఎత్తు వేశావేమో! రేపు ఆయన తిరిగొస్తే నా గతేంటి?"

"నువ్వంటే నాకెప్పుడూ పడదులే," అంది అత్త, ఆ పోగును వేలితో సవరిస్తూ.

రాబోయే ఏడాది ఎవరుండాలో, ఎవరు పోవాలో పైన దేవుడు రాసే రోజులివి. కోడలి మీద ఎంత పగ ఉన్నా, బతికున్న కొడుకును ఏ తల్లీ ఆ కట్టలో పెట్టదు. నమ్మేశాను. నమ్మాక ఏడుపు ఆగలేదు. ఆవిడ పక్కనే కూర్చుని, ఇద్దరం కలిసి ఆ వత్తి పేనాం.

ఉపవాసం మొదలైన సాయంత్రం మందిరంలో ఆ కొవ్వొత్తి అందరి కళ్లెదుటా వెలిగింది. దాన్నెవరూ సాక్ష్యం అనరు. ప్రార్థన అయ్యాక వాకిట్లో హెషెల్ ఎదురొచ్చాడు.

"ఏమన్నా కబురొచ్చిందా, ద్వోస్యా?"

"రాలేదు. ఇంక రాదు కూడా. నువ్వు వేరే పిల్లని చూసుకో," అన్నాను.