వాసెన కట్టిన ముంత

"ఆ శొంఠి నేను ముట్టుకోను," అంది కన్యకమ్మ మళ్ళీ.

శొంఠి పొట్లం తెల్లవారినప్పటి నుంచి వీధి అరుగు మీదే ఉంది. దాని పక్కన వెంకన్న చాప, చెంబు, మడిచిన దుప్పటి ఉన్నాయి. గడపకి లోపల కన్యకమ్మ నిలబడింది. బయట వెంకన్న కూర్చుని తలపాగా చుట్టుకుంటున్నాడు.

"దుకాణంలో తూచి తెచ్చానే. శ్మశానంలో ఏరుకొచ్చానా?"

"తూచిందెవరు?"

"నేనే."

"అదే నేను చెప్పేది."

"ఊళ్ళో బాలింతలందరూ నా చేత్తో తూచిన శొంఠే తింటున్నారు గదే!"

"ఊళ్ళోవాళ్ళ సంగతి నాకెందుకండీ? వాళ్ళకి తెలీదు కాబట్టి తింటున్నారు. నాకు తెలుసు."

లోపల మజ్జిగ చిలుకుతున్న వెంకన్న తల్లి పాపాయమ్మకి మామూలు మాటలు రెండుసార్లు చెబితే గాని వినపడవు. ఇలాంటివి మాత్రం మొదటిసారే వినపడతాయి. "ఒరే వెంకన్నా, కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లో పెట్టుకుని పొద్దున్నే ఆ మాటలేంటిరా!" అని కేకేసింది. కవ్వం చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

వెంకన్న మొన్న గోదావరి ఒడ్డున ఒక బైరాగి శవాన్ని మోసి వచ్చాడు. రేవులో మూడు మునకలు వేశాడు. నిప్పు తాకాడు, వేపాకు నమిలాడు. దిక్కులేని శవాన్ని మోసినవాడికి స్నానంతోనే మైల పోతుందని పురోహితుడు ఆ శవాలు మోసే సమాజం వాళ్ళందరికీ ఏనాడో చెప్పాడు. ఆ మాట వెంకన్న ఇంట్లో చెప్పినప్పుడు కన్యకమ్మ ఒకటే అంది: "ఆయనింట్లో నెలలు నిండిన పిల్ల లేదు."

అప్పటి నుంచి అతని విస్తరి అరుగు మీదికే వస్తోంది.

వెంకన్నకి యాభై దాటాయి. రాజమహేంద్రవరం బజారులో ఒక పచారీ దుకాణంలో గుమాస్తా. పొడుగు మనిషి, కాస్త ముందుకి వంగి నడుస్తాడు. వేళ్ళ సందుల్లో పసుపు, మిరియాల పొడి ఎప్పుడూ ఉంటాయి. కుడి భుజం మీద ఎద్దు మెడ మీద ఉన్నట్టు ఒక కాయ కాసింది. అది దుకాణం బస్తాల వల్ల వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది పాడె మోసిన కాయ.

కలరా ఎక్కువైన ఏడాది బజారులో కుర్రవాళ్ళు కొందరు చేరి ధర్మ సహాయ సమాజం పెట్టారు. వేసవిలో చలివేంద్రం, సత్రంలో దీపానికి నూనె, కరువు రోజుల్లో గంజి, దిక్కులేక చచ్చిపోయిన యాత్రికులకి దహనం. చలివేంద్రం దగ్గర నిలబడి మజ్జిగ పోయడానికి ఇప్పటికీ మనుషులు తోసుకుంటూ వస్తారు. పాడె దగ్గరికి వచ్చేవాళ్ళు ఏడాదికేడాది తగ్గారు. ఒకరికి కూతురి పెళ్ళి, ఒకరికి కోడలి సీమంతం, ఒకరికి నడుం నొప్పి. అందరి ఇళ్ళల్లోనూ గడప లోపల ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

వెంకన్న ఒక్కడికీ కారణం దొరకలేదు. నిరుడు దొరికింది. కూతురు రత్తమ్మ తొలి చూలు మగపిల్లవాడు, పుట్టిన మూడో రోజున పోయాడు. ఆ వారంలోనే వెంకన్న ఒక శవాన్ని మోశాడు. కన్యకమ్మ ఆ రెండింటినీ ముడివేసింది. పైకి ఎవరితోనూ అనలేదు. చంటివాడి ఉయ్యాల గుడ్డ ఉతికి ఆరేస్తూ భర్త వైపు ఒకసారి చూసింది, అంతే. ఆ ముడి అబద్ధమని వెంకన్న చెప్పలేకపోయాడు. నిజమని ఒప్పుకోలేకపోయాడు. కొన్నాళ్ళు సమాజానికి పోవడం మానేశాడు. మళ్ళీ ఒకనాడు పిలుపు వస్తే లేచి వెళ్ళాడు.

రత్తమ్మ మళ్ళీ పురిటికి వచ్చింది. ఇవాళో రేపో అన్నట్టుంది.

"సమాజం కావాలో, ఈ గడప కావాలో ఇవాళ తేల్చుకుని రండి," అంది కన్యకమ్మ. "సాయంత్రం అందరి ముందూ చెప్పండి."

వెంకన్న తలపాగా అంచు బిగించి దుకాణానికి వెళ్ళాడు.

ఎండ పైకొచ్చేసరికి నూనె కొట్టు సత్తియ్య వీధి మధ్యలో నిలబడి దగ్గాడు. పాడె మోసే పనికి పేరు పెట్టి పిలవరు. రమ్మనరు. దగ్గి, పైపంచ ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని ముందుకు నడుస్తారు. వెంకన్న త్రాసు దించి, చేతులు దులుపుకుని లేచాడు. వెళ్ళొస్తానని ఎవరితోనూ అనలేదు. అదీ అనరు.

సత్రం రేవు పక్కనే ఉంది. సమాజంలో మిగిలిన మూడోవాడు పల్లంరాజు అప్పటికే వెదుర్లు, తాళ్ళు, కొత్త కుండ తెచ్చి గోడకి చేరేసి బయట నిలబడ్డాడు. మొహం నల్లబడి ఉంది.

"ఇంకా ఊపిరి ఉందిరా," అన్నాడు.

"ఏంటీ?"

"సత్రం కాపలావాడు వచ్చి అయిపోయిందన్నాడు. నేను చూడకుండా సరంజామా పట్టుకొచ్చేశాను. లోపలికెళ్తే ముసలావిడ కళ్ళు తెరిచి, పడవ వచ్చిందా అని అడిగింది."

సత్తియ్య నాలుక కరుచుకున్నాడు. "ముందా వెదుర్లు గోడ వెనక పెట్టరా మహానుభావా! తలుపులోంచి కనబడుతున్నాయి."

ఇద్దరూ వెదుర్లు దాచడానికి వెళ్ళారు. వెంకన్న లోపలికి వెళ్ళాడు.

వసారా మూల ముసలమ్మ ఒక పాత చీర పరుచుకుని పడుకుని ఉంది. ఎముకల మీద తోలు. చెవులకి తాటాకు కమ్మలు, చేతి మీద మాసిపోయిన పచ్చబొట్టు. తలకింద మూట లేదు. మూట గుండెల దగ్గర పెట్టుకుంది. జ్వరం వేడి దూరానికే తగులుతోంది. వెంకన్న చెంబుతో నీళ్ళు తెచ్చి కొంచెం కొంచెంగా నోట్లో పోశాడు. సగం లోపలికి పోయింది.

"పడవ వచ్చిందా నాయనా?"

"ఏ పడవమ్మా?"

"కాలవ పడవ. ధవళేశ్వరంలో మారాలంట. అక్కడి నుంచి ద్రాక్షారామం దాకా పోయి, ఆపైన నడక."

"ఎవరింటికి?"

"మా అమ్మాయి ఇంటికి." ముసలమ్మ ఆగి, ఊపిరి తీసుకుంది. "నెలలు నిండాయి. నేనెళ్ళకపోతే ఎవరున్నారు దానికి?"

"ఏ ఊరమ్మా?"

"మా అమ్మాయి ఊరే," అంది, అది చాలదా అన్నట్టు.

వెంకన్న ఇంకో రెండుసార్లు అడిగాడు. ఆమె మూట ముడి విప్పుతోంది. చేతులు ఆడకపోతే అతనే విప్పాడు. లోపల ఉతికి మెత్తబడిన పాతగుడ్డలు, వాటి మధ్య ఒక చిన్న మట్టి ముంత. మూతికి పసుపు గుడ్డతో వాసెన కట్టి ఉంది. వాసన పట్టి చూడక్కర్లేకుండానే వెంకన్నకి తెలిసింది. శొంఠి, పిప్పళ్ళు, పాతబెల్లం, ఆవునెయ్యి. బాలింతకి పెట్టే కాయం.

"నీ చేత్తో ఇవ్వు," అని ముంతని అతని అరచేతిలో పెట్టింది. "నీళ్ళాడిన మూడో రోజు నుంచి పెట్టమను. ఉసిరికాయంత. ఎక్కువ పెడితే వేడి చేస్తుంది."

"ఇస్తానమ్మా," అన్నాడు వెంకన్న.

ఆమె కళ్ళు మూసుకుంది. రేవులో ఎవరో పడవవాడు తాడు అందుకోమని కేకేశాడు. వెంకన్న ముంత పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నీడ గడప దాటి వసారాలోకి వచ్చేసరికి సత్తియ్య వచ్చి ముసలమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బయటికి వెళ్ళి వెదుర్లు తెచ్చాడు.

ముగ్గురే ఉన్నారు. ముందు కొమ్ములు చెరొకరూ పట్టారు. వెనక రెండు కొమ్ముల మధ్యా వెంకన్న నిలబడ్డాడు. బరువేమీ లేదు. పోయిన మనిషి వస్తువులు గోదాట్లో వదిలేయడం సమాజం అలవాటు. పాతగుడ్డలు వదిలేశాడు. ముంత వదలడానికి మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి, దానితోనే ఒడ్డుకి వచ్చాడు. సత్తియ్య చూసి, చూడనట్టు తువ్వాలు పిండుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకి వెంకన్న తడిబట్టలతో పెరటి వైపు నుంచి వచ్చి, తలుపు బయట బట్టలుతికే రాయి మీద ముంత పెట్టాడు. కన్యకమ్మ వేణ్ణీళ్ళ బిందెతో వచ్చి ఆగిపోయింది.

"మళ్ళీ వెళ్ళారా?"

"వెళ్ళాను."

"అదేంటి?"

"కాయం. ఒక ముసలావిడ కూతురి పురిటికి పోతూ సత్రంలో పోయింది. కూతురికి ఇమ్మంది. ఏ ఊరో చెప్పలేదు."

కన్యకమ్మ బిందె దించింది. దగ్గరికొచ్చి ముంత మూతి చూసింది. వాసెన ముడి ఆడవాళ్ళు వేసే ముడి, కొస లోపలికి దోపి ఉంది.

"ప్రాణం ఉండగానే ఇచ్చిందా?"

"ఉండగానే. మూడో రోజు నుంచి ఉసిరికాయంత పెట్టమంది."

"అయితే దానికి మైల లేదు," అంది కన్యకమ్మ. వంగి, రెండు చేతులతో ముంత తీసి పెరటి తలుపు పక్క గూట్లో పెట్టింది. "అక్కడ ఆ పిల్ల కళ్ళు కాయలు కాసేలా చూస్తూ ఉంటుంది," అని తనలో తాను అనుకుంటూ లోపలికి పోయింది. కాసేపటికి వీధి అరుగు మీద శొంఠి పొట్లం లేదు. లోపల రోట్లో దంపుతున్న చప్పుడు వినిపించింది.

భోజనాల వేళ వెంకన్న విస్తరి అరుగు మీదికే వచ్చింది. గడప లోపల పాపాయమ్మ, గోడకి వీపు ఆన్చి రత్తమ్మ కూర్చున్నారు. వెంకన్న గొంతు సవరించుకున్నాడు. పొద్దున్న అడిగినదానికి జవాబు చెప్పాలి. కన్యకమ్మ నెయ్యి వడ్డిస్తూ, అతన్ని మాట్లాడనివ్వలేదు.

"ఈయన సమాజం మానరు," అంది, ఎవరి వైపూ చూడకుండా. "అమ్మాయి నీళ్ళాడి, పదకొండో రోజున పురిటి మైల తీరేదాకా అరుగు మీదే ఉంటారు. పిలుపొస్తే వెళ్తారు. ఇక ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకండి."

"ఏంటంటోందే?" అని పాపాయమ్మ మనవరాలిని అడిగింది.

"ఏం లేదు మామ్మా. నాన్న అరుగు మీదే ఉంటారంట."

"ఇప్పుడూ అక్కడేగా ఉన్నాడు!" అంది పాపాయమ్మ.

వెంకన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. పెరటి గూట్లో, వాసెన ముడి విప్పని ముంత చుట్టూ చీమలు అప్పుడే బారు కట్టాయి.