తలుపు బయట హెల్మెట్

నేను ఒక హెల్మెట్‌ని. ముదురు ఎరుపు రంగు, వెనకవైపు మెరిసే పట్టీ, లోపల ఎడమ చెవి దగ్గర బాగా అణిగిపోయిన మెత్త. ప్రస్తుతం విజయవాడ గాయత్రీనగర్‌లో ఒక పాత మేడ పైఅంతస్తులో, మూసిన తలుపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. నన్ను పెట్టుకొచ్చిన మనిషి ఆ తలుపు లోపల ఉంది. ఆమె బయటికి వచ్చేదాకా నాకు వేరే పని లేదు కనుక నా సంగతి చెబుతాను. తలకాయ లేకుండా ఊరికే కూర్చోబెడితే హెల్మెట్‌కి కూడా ఆలోచనలు వస్తాయి.

నేను పుట్టింది ఒక పెద్ద షెడ్డులో. అచ్చులోంచి వట్టి డొల్లగా బయటపడ్డాక రంగు వేసి ఆరబెట్టారు. ఆ తర్వాత బల్లల ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నా లోపల మెత్తలు అతికించారు. చేతులు అతికిస్తుంటే నోళ్ళు అత్తల గురించీ మొగుళ్ళ గురించీ చెప్పుకునేవి. ఒకామె చెప్పేది, పక్కామె "నిజమేనే" అనేది, మొదటామె ముక్కు చీదుకుని ఇంకో హెల్మెట్ అందుకునేది. నేను విన్న మొదటి మనుషుల మాటలు అవే. లోకంలో ఆడవాళ్ళందరికీ అలాంటి బల్ల ఒకటి ఉంటుందని అప్పుడు నమ్మాను. కొత్త వస్తువుని కదా, ఏదైనా నమ్ముతాను.

తర్వాత నన్ను బందరు రోడ్డు పక్కన ఇనప గొట్టానికి వేలాడదీశారు. కాస్త దూరంలో పోలీసులు నిలబడిన రోజు మాకు పెళ్ళిచూపులు. వాళ్ళు రాని రోజు మా మొహం చూసిన నాథుడు లేడు. ఎంతమంది తలలు పెట్టి చూశారో! ఒక్కడూ తన తల దక్కాలని కొనలేదు, జరిమానా తప్పాలని కొన్నవాళ్ళే. అందుకే చక్రధర్ వచ్చి, "మా ఆవిడకి, గట్టిది ఇవ్వు. ఆమె తల నాకు ముఖ్యం" అన్నప్పుడు నేను పొంగిపోయాను. అమ్మేవాడు మాత్రం మేడంగారిని తీసుకొస్తే సైజు చూసి ఇస్తానన్నాడు. ఆమె సైజు తనకి తెలియకపోవడమేమిటని చక్రధర్ నవ్వి, నన్ను బండికి తగిలించుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయనే తన చేతులతో నన్ను హైమావతి తలకి తొడిగి, గడ్డం కింద పట్టీ బిగించాడు. "బిగుతుగా ఉందండీ" అందామె. "వాడగా వాడగా అదే సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోవలసింది నేనో ఆమె తలో ఆయన చెప్పలేదు.

చక్రధర్‌ని చెడ్డవాడంటే నా నోరు పడిపోతుంది. కరెంటాఫీసులో ఇంజనీరు. తాగడు, చెయ్యి చేసుకోడు, శుక్రవారం మల్లెపూలు మరిచిపోడు. కాకపోతే భార్య ఏ నిమిషాన ఎక్కడ ఉందో ఆయనకి తెలియాలి. ఆమె ఫోను ఎక్కడుంటే అక్కడ ఆయన ఫోనులో నీలం చుక్క కనిపిస్తుంది. కూరగాయల దగ్గర చుక్క కాసేపు ఆగితే, "ఏం కొంటున్నావ్?" అని ఫోను వస్తుంది. ఇంటికి వచ్చినవాళ్ళు హైమావతిని ఏదైనా అడిగితే జవాబు ఆయన చెబుతాడు. "మా వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటాడు" అని అత్తగారు అందరికీ చెప్పుకునేది. అది నిజమే. వేళ్ళు కూడా ముడిచాడన్న సంగతే ఆవిడకి కనిపించలేదు.

హైమావతి ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఆమె సూది గుచ్చితే చీమ కుట్టినట్టయినా ఉండదని జనం ఏరికోరి ఆమె కోసం ఆగేవాళ్ళు. అలాంటి మనిషికి మెల్లగా నిద్ర దూరమైంది. తర్వాత చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఒక ముసలాయనకి నరం దొరక్క మళ్ళీ మళ్ళీ గుచ్చింది. ఆయన ఏమీ అనలేదు గానీ ల్యాబు యజమాని ఆమెని సూది పని మాన్పించి ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. వణుకు తగ్గకపోతే అక్కడినుంచి ఇంటికే. చక్రధర్‌కి అది కష్టంగా తోచలేదు. "మానెయ్, హాయిగా ఇంట్లో ఉండు, నీకేం తక్కువ?" అనేవాడు. ఆ హాయి తలుచుకుంటేనే ఆమెకి చెమటలు పట్టేవి. నాకు తెలుసు, ఆ చెమట పీల్చింది నేనే.

ఇంట్లో పెద్దలు ఆలోచించి నేరం నా మీద మోపారు. హెల్మెట్ వల్ల తలకి వేడి చేసిందట! అత్తగారు ఆమె మాడుకి ఆముదం పెట్టింది. ఆ జిడ్డంతా నాకే అంటింది. ఇంత పెద్ద సంసారంలో తప్పు చేయగలిగిన శాల్తీ నేనొక్కదాన్నే అన్నట్టు అందరూ నన్నే చూసేవాళ్ళు.

ఆముదం పనిచెయ్యకపోయేసరికి చక్రధర్ ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను. నిద్ర పడుతోందా అని డాక్టరు ఆమెని అడిగాడు. అస్సలు పట్టడం లేదని చక్రధర్ చెప్పాడు. ఏదైనా దిగులా అంటే, దిగులు పడే అవసరం తానెప్పుడూ రానివ్వలేదని ఆయనే చెప్పాడు. డాక్టరు మాత్రలు రాసి, మీరే దగ్గరుండి వేయించండని ఆయన చేతికి ఇచ్చాడు. మాత్రలది తప్పు కాదు, కాస్త నిద్ర పట్టింది. నిద్ర ఎందుకు దూరమైందని మాత్రం ఎవరూ ఆమెని అడగలేదు.

తర్వాత అత్తగారు భార్యాభర్తలకి సలహాలిచ్చే ఒక మేడం గురించి చెప్పింది. ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ ఆడమనిషి, పైగా చక్రధర్‌ని బయట కూర్చోమంది. హైమావతికి ధైర్యం వచ్చింది. నన్ను గట్టిగా పట్టుకుని, ఎవరికీ చెప్పని మాట ఆవిడకి చెప్పింది. "పొద్దున ఆయన లిఫ్టులో కిందికి దిగిన చప్పుడు వినపడితే నాకు ఊపిరి వస్తుందండీ." మేడం చాలాసేపు తల ఊపింది. ఆ తర్వాత, మగవాడు పసిపిల్లాడితో సమానమనీ, సాయంత్రం ఆయన వచ్చే వేళకి తలదువ్వుకుని నవ్వుతూ ఎదురెళ్ళమనీ బోధించి పంపింది.

రెండు రోజుల తర్వాత రాత్రి భోజనాల దగ్గర చక్రధర్ పప్పు కలుపుకుంటూ, గొంతు పెంచకుండా, "నేను లిఫ్టు దిగితే నీకు ఊపిరొస్తుందంటగా?" అన్నాడు. నేను గుమ్మం పక్కన చెప్పుల బీరువా మీద ఉన్నాను. నాకే లోపల చల్లబడింది. మేడం ఫోను చేసి చెప్పిందట, మర్యాద కోసం. భర్తకి తెలియకుండా ఆడవాళ్ళ మాట దాచడం ఆవిడకి మర్యాదగా తోచలేదు.

ఆయన తిట్టలేదు, అలగలేదు. మర్నాటినుంచి లిఫ్టు ఎక్కడం మానేసి మెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టాడు, అంతే. ఇక ఆయన ఉన్నాడో వెళ్ళాడో ఆమెకి తెలిసే దారి లేకపోయింది. తలుపు వేసి ఉన్నా, బయట ఆయన ఉన్నట్టే ఒదిగి తిరిగేది. నా బిగుతుని నేను మొదటిసారి అసహ్యించుకున్నది ఆ రోజుల్లోనే.

ల్యాబులో ఆమెతో పనిచేసే సుగుణకుమారి ఈ వణుకంతా చూస్తూనే ఉంది. ఒకరోజు బండి దగ్గరికి వచ్చి ఒక ఫోను నంబరు చెప్పింది. వకుళ అని, మనసు బాధలకి వైద్యం చేసే మనిషి, ఫెమినిస్టు అంది. ఆ చివరి మాట వినగానే హైమావతి చుట్టూ చూసింది. ఫెమినిస్టులంటే కాపురాలు కూల్చేవాళ్ళని ఆమె ఇంట్లో టీవీ ముందు చాలాసార్లు విని ఉంది. నంబరు మాత్రం మరిచిపోలేదు. చాలా రోజులు దాన్ని రోడ్డంతా నా లోపల గొణుక్కుంటూ నడిపింది. అంకెలు నాకూ నోటికొచ్చాయి.

ఒక సాయంత్రం ఏలూరు రోడ్డులో ఆగి, ఆ నంబరు నొక్కి, ఫోనుని ఎడమ చెవికీ నా మెత్తకీ మధ్య దోపి, బండి మళ్ళీ కదిలించింది. మన ఊళ్ళో బండి నడిపేవాళ్ళలో సగంమంది చేసే పనే ఇది, తప్పని అందరికీ తెలుసు. నా బిగుతు మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. రెండువైపుల మాటలూ నాకు వినపడ్డాయి.

"బండి మీదున్నారా?" అంది అవతలి గొంతు.

"అవునండీ. ఇంటికెళ్తే మాట్లాడలేను."

"అయితే ముందు పక్కకి ఆపండమ్మా. నాకు మనసుల పనే వచ్చు, ఎముకలు అతకడం రాదు."

హైమావతి ఫ్లైఓవర్ కింద స్తంభం పక్కన బండి ఆపింది. నన్ను తీయలేదు. పైగా నా ముందు అద్దం కిందికి దించుకుంది. గేటు బయట నిలబడి కుక్క కరుస్తుందా అని అడిగినట్టు అడిగింది.

"మీరు ఫెమినిస్టా అండీ?"

"అవును."

"అంటే... విడిపొమ్మంటారా?"

"అననమ్మా. కలిసుండమనీ అనను. అది మీ ఇష్టం. మీ చేతులెందుకు వణుకుతున్నాయో మీతోపాటు కూర్చుని చూస్తాను. చూసేటప్పుడు మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతోందో కూడా చూస్తాను. దాన్ని వదిలేసి జబ్బు మీ ఒక్కరిదే అనడం నావల్ల కాదు."

ఆమె అసలు అడగాలనుకున్నది ఇంకా గొంతులోనే ఉందని నాకు తెలుసు.

"మావారు మీకు ఫోన్ చేస్తే?"

"మీరు నాకు తెలుసన్న సంగతి కూడా చెప్పను. మీ ప్రాణం మీదికొస్తే తప్ప మీ మాట ఎవరికీ చేరదు. అప్పుడైనా ముందు మీకు చెప్పే చేస్తాను."

నా అద్దం లోపలివైపు ఆవిరి పట్టింది. మెత్తలకి తడి అంటింది. చెమట సంగతి నాకు బాగా తెలుసు, ఇది చెమట కాదు. పక్కనుంచి పోయేవాళ్ళు ఎరుపు హెల్మెట్ పెట్టుకుని ఆగిన బండి మీద కూర్చున్న మనిషిని చూసి, ఎవరికోసమో ఎదురుచూస్తోందనుకుని ఉంటారు. షెడ్డులో విన్న ఆ "నిజమేనే" ఆమెకి దొరకడానికి ఇన్నాళ్ళు పట్టింది.

అప్పటినుంచి వారానికోసారి ఆ స్తంభమే మా గది. చక్రధర్ ఫోనులో నీలం చుక్క అక్కడ ఆగడం ఆయన చూడనే చూశాడు. ఫ్లైఓవర్ కింద ఏం పని అని అడిగాడు. హెల్మెట్‌తో తల తిరుగుతోంది, కాసేపు తీసి కూర్చుంటున్నాను అని చెప్పింది. నింద మళ్ళీ నాదే. ఈసారి సంతోషంగా మోశాను.

రోడ్డు మీద చెప్పుకోగలిగిన మాటలు కొన్నే. ఒకసారి గదికి రమ్మని వకుళ అంది. అందుకే ఇవాళ హైమావతి తన ఫోనుని ల్యాబులో సొరుగులో వదిలి, చుక్కని అక్కడే ఉంచి, యజమాని గుచ్చి అడిగితే ఎక్కడికో చెప్పి, గంటసేపు సెలవు తీసుకుని బయల్దేరింది. జేబులో, చెవిలో ఏమీ లేకుండా ఆమె బండి నడపడం నేను ఎరుగను. ఎవరో వెంటాడుతున్నట్టు దారంతా బండి అద్దంలో వెనక్కి చూస్తూనే ఉంది.

ఇక్కడ తలుపు తీసిన వకుళ పొట్టి మనిషి, కళ్ళద్దాలు, నలిగిన నేత చీర. హైమావతి నన్ను అలవాటుగా గుండెలకి పట్టుకుని లోపలికి అడుగేసింది. మళ్ళీ ఆగి, నావైపు చూసి, వెనక్కి వచ్చి ఈ కుర్చీలో పెట్టింది. గడియ పడింది. దాచేదెందుకు, నాకు కోపం వచ్చింది. అంతా విన్నది నేను, నన్నే బయటపెడతారా! లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఇంతవరకు చెప్పానో లేదో, మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆ అడుగులు నాకు తెలుసు. తొందర లేని అడుగులు.

చక్రధర్ వచ్చాడు. చేతిలో హైమావతి ఫోను ఉంది. చుట్టూ చూసి, నన్ను చూసి, నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆమెని పట్టిచ్చింది నేనే. తలుపు తట్టాడు. వకుళ తలుపు ఓరగా తీసింది.

"మా ఆవిడ లోపలుందా అండీ?"

"లోపల ఎవరున్నారో చెప్పే అలవాటు నాకు లేదండీ."

"ఇది నేను కొన్న హెల్మెట్."

"కావచ్చు."

ఆయన ఇంకా మెత్తగా, ఆమె ఫోను ఎత్తకపోతే ల్యాబుకి వెళ్ళానని, యజమానే ఫోను చేతికిచ్చి, ఇక్కడికి వచ్చిందని మర్యాదగా చెప్పాడన్నాడు. భర్తగా తెలుసుకోవడం తప్పా అని అడిగాడు. "ఈ గదిలో మాట బయటికి రాదండీ. రేపు మీరొచ్చి చెప్పుకున్నా అంతే" అంది వకుళ.

అప్పుడు ఆవిడ వెనకనుంచి హైమావతి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయిపోయిందనుకున్నాను. నన్ను అందుకుంటుంది, పట్టీ బిగించుకుంటుంది, ఆయన వెనక మెట్లు దిగుతుంది, ఇక ఈ వీధి మొహం చూడదు. ఆమె చెయ్యి చాచింది. నా మీదుగా పోయి ఆయన చేతిలోని తన ఫోను తీసుకుంది.

"నాకింకా పావుగంట ఉందండీ. కూర్చుంటే కూర్చోండి, లేకపోతే వెళ్ళండి."

చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకుతున్న చేత్తోనే తలుపు వేసుకుంది.

చక్రధర్ చివరికి ఈ కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడు నేను ఆయన ఒళ్ళో ఉన్నాను. ఆయన వేళ్ళు నా లోపల ఊరికే తిరుగుతూ ఎడమ మెత్త దగ్గర ఆగాయి. అణిగిన చోటు సరిగ్గా ఫోనంత పొడుగుంది. ఆయన తెలివైనవాడు, అర్థమై ఉంటుంది. తల కాస్త వంచి తలుపువైపు చెవి పెట్టాడు. ఫ్యాను చప్పుడే.

ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో నేను చెప్పలేను. రేపు నా పట్టీ ఆయనే బిగిస్తాడేమో, ల్యాబు మాన్పిస్తాడేమో, ఈ మెత్త మార్పిస్తాడేమో. నాకు భయంగానే ఉంది. కానీ నన్ను బయట ఎందుకు పెట్టిందో ఇప్పుడు తెలిసింది, ఎంతైనా నేను ఆయన కొన్నదాన్ని. కోపం పోయింది. లోపల ఆమె ఏం చెబుతోందో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు. ఆమె బయటికి వచ్చేదాకా మేమిద్దరం ఇక్కడే కూర్చోవాలి.