బాంబుల విమానం చూపిన దిక్కు

పేరమ్మకు విమానం చప్పుడంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, మేనత్తను చూడడానికి కాకినాడ వెళ్ళినప్పుడే జపాను విమానాలొచ్చి రేవు మీద బాంబులు వేశాయి. మేనత్త కొంగు పట్టుకుని ఆనాడు పరుగెత్తిన పరుగు ఆమె ఒంట్లోంచి పోలేదు. పెళ్ళయి కృష్ణపట్నానికి ఉత్తరంగా ఉన్న ఈ చేపలవాళ్ళ కుప్పానికి వచ్చి, బిడ్డల తల్లయ్యాక కూడా ఆకాశంలో చిన్న మోత వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి ఇంట్లోకి దూరేది.

మొగుడు నరసయ్య నవ్వేవాడు. "యుద్ధం అయిపొయ్యి ఎన్నేండ్లయింది మే! ఇంగ నీ మీద బాంబెయ్యాలని ఎవుడికి పుట్టింది?" అనేవాడు.

అరవై ఒకటో సంవత్సరం మాఘమాసంలో ఆ నరసయ్యే సముద్రంలో చిక్కుకుపోయాడు. తమ్ముడు ఆదెయ్యతో వేటకు వెళ్ళిన రోజు మధ్యాహ్నం కాలం కాని కాలంలో గాలి లేచింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, వాళ్ళది రాలేదు. మర్నాడు కుప్పంలోని మగవాళ్ళంతా దక్షిణంగా దుగరాజపట్నం దాకా వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ మరుసటి పొద్దున ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పేరమ్మ పక్కన కూర్చుని, ఏడవమనీ చెప్పలేక, ఊరుకోమనీ చెప్పలేక నేల చూపులు చూస్తున్నారు. పేరమ్మ సముద్రం మీంచి చూపు తిప్పలేదు.

అప్పుడు వినిపించింది మోత.

నాలుగు ఇంజన్ల పెద్ద విమానం. తాటిచెట్ల తలలు తాకుతుందేమో అన్నంత కిందుగా వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. పేరమ్మ ఇసుకలో బోర్లా పడి చెవులు మూసుకుంది. అది ఇళ్ళ మీదుగా ఒక చుట్టు చుట్టి, రెక్కలు అటూ ఇటూ ఊపి, ఈశాన్యంగా సముద్రం మీదికి పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ రెక్కలూపింది, మళ్ళీ అదే మూలకు పోయింది.

"దోవ తప్పినట్టుండాడు," అన్నాడు కుప్పం పెద్ద ముత్యాలయ్య.

ఈసారి వచ్చినప్పుడు దాని కడుపులోంచి ఏదో రాలింది. "బాంబూ!" అని ఎవరో అరిచారు. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనుకుంటూ పేరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏదీ పేలలేదు. కళ్ళు తెరిస్తే, కొంచెం దూరంలో ఇసుక మీద పసుప్పచ్చగా ఏదో పడి ఉంది. మగవాళ్ళే దగ్గరికి పోవడానికి జంకుతున్నారు. పేరమ్మే లేచి దాని దగ్గరికి నడిచింది. అది చేతుల్లేని చొక్కాలా ఉంది, లోపల బెండు పెట్టి కుట్టారు.

వెనకే వచ్చిన ముత్యాలయ్య దాన్ని తిప్పి చూశాడు. "మద్రాసు హార్బర్లో చూసినా. ఓడలోళ్ళు నీళ్ళలో మునక్కుండా ఏసుకునేది ఇది."

పేరమ్మ చటుక్కున ఈశాన్యం వైపు తిరిగింది. "మామా, మనోళ్ళని చూసినాడు! వాళ్ళుండే తావు చూపిస్తా ఉండాడు. పడవలు దించండి!"

"ఈ నెలల్లో నీళ్ళు దక్షిణానికి గదమ్మా లాగేది..."

"మనం కిందనించి ఎతికినాం. ఆయన పైనించి చూసినాడు మామా. దించండి!"

ముత్యాలయ్య పంచె ఎగగట్టి పడవకు భుజం ఆనించాడు. పడవలు అలలు దాటేదాకా విమానం పైనే తిరుగుతూ ఉండి, తర్వాత ముందుకు సాగింది.

పొద్దు వాలేవేళకు తెరచాపలు కనిపించాయి. ముందు పడవలో ఒక మనిషి నిలబడి తలగుడ్డ ఊపుతున్నాడు. పేరమ్మ మొలలోతు నీళ్ళలోకి పరుగెత్తింది. నరసయ్య పెదాలు పగిలిపోయాయి, నోట మాట రాలేదు. ఇద్దరి మాటలూ ఆదెయ్యే మాట్లాడాడు.

"తెరచాప కొయ్య ఇరిగిపొయ్యి ఆ గాలికి ఉత్తరానికి కొట్టుకుపొయ్యినాం వదినా. ఆ విమానం మా నెత్తిన తిరిగి నీళ్ళ డబ్బా పడేసింది. ఆ నీళ్ళు గొంతులో పడినాకే ప్రాణం లేచొచ్చింది."

పేరమ్మ ఇద్దర్నీ తడిమి చూసింది. దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. తర్వాత ఇంటికి పోయి పొయ్యి రాజేసింది.

మర్నాడు కుప్పంలోకి ఒక జీపు వచ్చింది. చెంపలు నెరిసిన మనిషి దిగి, ఎదురుపడిన ముత్యాలయ్యను ఆత్రంగా అడిగాడు.

"నా పేరు జీవానందం. మాది గూడూరే. నిన్న విమానం నడిపింది నేనే. పెట్రోలు అయిపోతా ఉంటే మీ పడవలు వాళ్ళకి ఇంకా దూరంగా ఉండగానే మద్రాసుకు తిరిగి పోవాల్సొచ్చింది. వాళ్ళు దొరికినారా?"

"దొరికినారయ్యా! ఇద్దరూ దొరికినారు!"

జీవానందం బోర్లించిన పడవ మీద కూలబడి, గట్టిగా ఊపిరి వదిలాడు. అది యుద్ధంలో బాంబులు వేసిన విమానమేననీ, తర్వాత ఒక సర్వే కంపెనీ కొనుక్కుందనీ, బాంబులుండే అరలో ఇప్పుడు కెమెరాలు పెట్టి, పటాలు గీయడానికి తీరం ఫొటోలు తీస్తున్నారనీ చెప్పాడు.

"యుద్ధంలో నేను అట్టాంటిదే నడిపినా. పడేసి తిరిగిపోవడమే, కింద ఎవరుండారో ఎప్పుడూ చూళ్ళేదు. ఈసారి చూసిపోదామనిపించింది."

"మా ఇంటికి రాండయ్యా," అంది చుట్టూ మూగిన జనంలోంచి పేరమ్మ.

వసారాలో నరసయ్య చాప మీద వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. ఆమె లేపబోతే జీవానందం వద్దన్నాడు. లేచి దిగుతున్న ఆ ఛాతీని చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"పైనించి ఇంతే కనిపించినాడు," అంటూ చిటికెనవేలు కొస చూపించాడు. "మనిషి బాగా పెద్దోడే."

"గురక ఇంకా పెద్దదయ్యా," అని పేరమ్మ నవ్వేసింది.

ఆకు వేసి అన్నమూ, చేపల పులుసూ వడ్డించింది. జీవానందం చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుని, మొహమాటం లేకుండా మరో గరిటె పులుసు అడిగి పోయించుకున్నాడు.