నానబెట్టిన తెల్లకోటు

గాలయ్య ఇంట్లో కోడలు మామ ఎదుట కుర్చీలో కూడా కూర్చోదు. అలాంటిది ఆయన కాలు పట్టుకుని వంచుతానంటే ఊరుకుంటాడా? పక్షవాతంతో ఎడమపక్క పడిపోయి మంచంలో ఉన్న మనిషి గోడవైపు మొహం తిప్పి, భార్యతో అన్నాడు.

"ఐలమ్మా, దాన్ని లోపటికి పొమ్మను. కోడలితోని కాళ్లు పట్టిచ్చుకునేంత సచ్చిపోలే."

కోడలు సరళ పెళ్లికి ముందు మేడ్చల్ నుంచి బస్సులో పట్నం పోయొస్తూ ఫిజియోథెరపీ చదివింది. అత్తగారి ఊరు రావల్కోల్లో మాత్రం అది కాళ్లు పిసికే మాలిష్ చదువే. పడిపోయిన కాలికి మళ్లీ నడక నేర్పాలని, ఈ మొదటి నెలలు పోతే కాలు బిగుసుకుంటుందని ఎవరికి చెప్పినా తలూపి వెళ్లిపోయేవారు. మామ మళ్లీ పొలం గట్టు ఎక్కాలంటే ఇప్పుడే పని మొదలుపెట్టాలి.

మర్నాడు దొడ్డిదారిన బయటికి పోయి, కాలేజీనాటి తెల్లకోటు తొడుక్కుని, వీధి వాకిట్లోంచి వచ్చింది.

"గాలయ్య అంటే ఎవరమ్మా?" అని అత్తనే అడిగింది.

ఐలమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "గా మంచంల ఉన్నడు డాక్టరమ్మా. జర మొండి."

గాలయ్య కళ్లు మూసుకున్నాడు. కాలు పట్టుకుంటే మాత్రం వద్దనలేదు.

అప్పట్నుంచి కోటు ఉంటే డాక్టరమ్మ, విప్పితే కోడలు. "మడిమ ఆనియ్యి. వేళ్ల మీద నిలవడితె పడ్తవు," అని డాక్టరమ్మ గదమాయిస్తే, "పరేషాన్ చెయ్యకు," అని గొణిగేవాడు. అయినా లేచి కూర్చున్నాడు, నిలబడ్డాడు, ఆమె భుజం పట్టుకుని గడపదాకా నడిచాడు. చిక్కు అక్కడే వచ్చింది. కాలికి సత్తువ వచ్చినా, ఆమె భుజం తీస్తే కూలబడేవాడు.

ఒక ముసురు పొద్దున సరళ, ఉతికి పెట్టిన కోటునే తీసుకుపోయి బకెట్లో నానేసింది. మామ పక్కన అత్తను నిలబెట్టి, తాను తలుపు చాటుకు పోయింది.

"డాక్టరమ్మ రాలే?"

"కోటు తడిసింది మామా," అంది సరళ చాటునుంచే.

"ఎండేదాంక నేనిట్లనే ఉండాల్నా?"

"గోడ ఉన్నది గద. అత్తా, పడబోతెనే పట్టుకో."

గాలయ్య వానను తిట్టాడు, సబ్బును తిట్టాడు, ఈ పిల్లను చదివించిన వియ్యంకుణ్ణి తిట్టాడు. తిడుతూనే లేచాడు. గోడకు అరచేయి ఆనించి, ఎడమకాలు ముందుకు జరిపి, మడిమ ఆనిందో లేదో కిందికి చూసుకున్నాడు. మళ్లీ జరిపాడు.

గడపదాకా వచ్చేసరికి చెమటలు పోశాయి. సరళ కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. గాలయ్య చూపు వాకిట్లో కోటు నానుతున్న బకెట్ మీద పడింది. నీళ్లలో మురికన్నదే లేదు. చాలాసేపు వాటినే చూశాడు.

"ఐలమ్మా," అన్నాడు చివరికి, "డాక్టరమ్మకు చెప్పు. రేపు గూడ కోటు ఉతుక్కోమను."

గడప దాటడానికి ఎడమకాలు ఎత్తాడు.